సెల్లార్ గోడకు గంధం రంగు

సెల్లార్ గోడలకు ఏ రంగు వేయాలని నన్ను మొట్టమొదట అడిగిన మనిషికి తెలుపు వేయించుకోమని చెప్పాను. లోపల చీకటి కదా, తెలుపు వేస్తే వెలుగొస్తుందని నా తెలివి. అప్పటికి ఈ పనిలోకి వచ్చి నాలుగేళ్లే అయినా, నాకు తెలియనిది లేదన్నట్టు తిరిగేవాణ్ణి. రెండు కోటింగులూ ఆరాక చూస్తే గదంతా బూడిద పూసినట్టుంది. ఆ ఇంటాయన మంచివాడు. ఇంకో రెండు ట్యూబ్‌లైట్లు తెచ్చి బిగించుకున్నాడు. వెలుగు తగలని చోట తెలుపు తెలుపుగా ఉండదన్న సంగతి నాకు ఆ రోజు తెలిసింది.

నా పేరు వెంకన్న. మాది సూర్యాపేట. ముప్పై ఏళ్లకు పైగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య రంగులు వేశాను, తర్వాత మనుషుల్ని పెట్టి వేయించాను. మోకాళ్లు ఒప్పుకోక నిచ్చెన దిగి రెండేళ్లయింది. నేను మొదలుపెట్టినప్పుడు మా ఊళ్లో సెల్లార్లు చేతివేళ్లతో లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద భూమిలోకి దిగని బిల్డింగు లేదు. బండ్లు పెట్టుకోవడానికని తవ్వినవాటిలో బండ్లు తప్ప అన్నీ ఉన్నాయి. ట్యూషన్లు, మెస్సులు, చీరల షాపులు, రక్తపరీక్షల ల్యాబులు, జిమ్ములు. వీటన్నిటికీ గోడలుంటాయి, గోడలకు రంగు కావాలి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఫోన్‌లో ఏదో విదేశీ గది బొమ్మ చూపించి, ‘అన్నా, ఈ రంగు సెల్లార్‌కు బాగుంటదా’ అని నన్ను అడుగుతుంటారు. బాగుంటుందా అనేది అసలు అడగాల్సిన ప్రశ్న కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎన్ని ఇళ్లు వేశాను, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. అవి మీకెందుకూ పనికిరావు.

గోడకు చెంప ఆనించిన మేస్త్రి

నాకు పని నేర్పింది సైదులు మేస్త్రి. నేర్పాడని నేను అంటున్నాను గానీ, ఆయన నోరు తెరిచి చెప్పింది చాలా తక్కువ. గోడ దగ్గరికి వెళ్లగానే ముందు చెంప ఆనించేవాడు. సున్నం, సిమెంటు తగిలి తగిలి చెయ్యి మొద్దుబారిపోతుందని, చెమ్మ సంగతి చెంపకే తెలుస్తుందని నాకు చాలాకాలానికి అర్థమైంది. అంతదాకా ఈ ముసలాయన గోడలను ముద్దు పెట్టుకుంటాడేమిటని మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్లం.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆసామి కొత్తగా బిల్డింగు కట్టించి, సెల్లార్‌లో ఆఫీసు పెట్టుకుందామనుకున్నాడు. గోడలకు లేత నీలం కావాలన్నాడు. అప్పుడు ఎండాకాలం, గోడలు ఎండిపోయి టంగుమంటున్నాయి. వెంటనే మొదలుపెడదామని నేను బ్రష్షులు కడిగి ఉంచాను. సైదులు మేస్త్రి చెంప ఆనించి చూసి, పైకి వెళ్లి పక్కనున్న చాయ్ హోటలాయనను కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడిగి వచ్చాడు.

‘నీళ్లు వచ్చి పదిహేను దినాలు పారినంక ఏస్త. గప్పటిదాంక ఆగాలె’ అన్నాడు ఆసామితో.

‘నేను రంగు అడిగితే నువ్వు కాలువ ముచ్చట చెప్తవేంది సైదులూ? నాకు ముహూర్తమున్నది’ అన్నాడు ఆయన.

‘మరైతే ఇంకొకలతోని ఏయించుకో పటేలా’ అని మేస్త్రి చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు. అంత పెద్ద పని చేజేతులా వదులుకున్నందుకు నాకు ఒళ్లు మండింది. బస్సులో సూర్యాపేట వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆసామి ఇంకెవరితోనో వేయించుకున్నాడు, ముహూర్తానికి దిగాడు. కాలువకు నీళ్లొచ్చాయి. అక్కడ కాలువ పారితే చుట్టుపక్కల నేలంతా నానుతుంది, సెల్లార్ గోడలకు లోపలినుంచి చెమట పడుతుంది. నెల తిరక్కముందే నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి, వెనకనుంచి ఉప్పు తెల్లగా పైకొచ్చింది. ఆయన మళ్లీ మేస్త్రికే కబురు పెట్టాడు. మేస్త్రి వెళ్లాడు, పాత మాట ఎత్తలేదు. గోడలు గీకించి, బయటి వైపు నీళ్లు ఆగకుండా పని చేయించి, అవి ఆరేదాకా ఆగి, అప్పుడు రంగేశాడు.

ఆయనను నేను గౌరవిస్తాను గానీ ఒక విషయంలో తప్పు పడతాను. ఎందుకు అనేది ఎప్పుడూ చెప్పడు. ‘మేస్త్రీ, ఎందుకట్ల’ అని అడిగితే, ‘సూడు, తెలుస్తది’ అనేవాడు. చూసి నేర్చుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. ఏం చూశామో అదే నేర్చుకుంటాం. పక్కన అదే సంగతి వేరే వేషం వేసుకుని వస్తే గుర్తుపట్టం. నా జీవితంలో పెద్ద తప్పు అట్లాగే జరిగింది. అది ముందు ముందు చెబుతాను.

మెరూన్ చీర

సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టాక కోదాడలో ఒక చీరల షాపు దొరికింది. అదీ సెల్లార్‌లోనే. ఆ రోజుల్లో పిస్తా రంగు మీద జనానికి మోజు ఎక్కువ. నాలుగు గోడలకూ లేత పిస్తా కొట్టించాను. మెట్లు దిగుతుంటే చల్లగా, తోటలోకి దిగినట్టు ఉందని షాపాయన మెచ్చుకున్నాడు. నేనూ కాలర్ ఎగరేశాను.

మూడు వారాలకు ఆయన భార్య నుంచి ఫోన్ వచ్చింది. ‘ఏమండీ వెంకన్న గారూ, మీరొకసారి రావాలండీ. ఫోన్లో చెప్తే మీకు అర్థం కాదు’ అంది. వెళ్లాను. ఆమె ఒక మెరూన్ చీర తీసి గోడ ముందు పట్టుకుని ‘ఇదేం రంగండీ?’ అంది. మెరూన్ అన్నాను. నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కి రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఎండలో మడత విప్పింది. ఇటుక రంగు.

‘ఇప్పటికి పదకొండు మంది తిరిగి తెచ్చారండీ. ఇక్కడ ఒకటి చూపించి అక్కడ ఇంకోటి ఇచ్చామంటున్నారు. మా మొహం చూసి కొనేవాళ్లు, ఇప్పుడు మా మొహమే నమ్మట్లేదు’ అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది.

గోడ మీద రంగు గోడ మీదే ఆగదు. దీపం వెలుగు గోడకు తగిలి, గోడ రంగును కొంత మోసుకుని, గదిలో ఉన్న ప్రతి వస్తువు మీదా వాలుతుంది. పైన ఇంట్లో అయితే కిటికీలోంచి ఎండ వచ్చి దాన్ని కడిగేస్తుంది. సెల్లార్‌లో కడగడానికి ఏమీ లేదు. ఆ షాపుకు మళ్లీ పని పట్టి, దాదాపు తెలుపు అనిపించే లేత బూడిద రంగు వేయించాను. ఒక్కో గోడ మీద రెండడుగుల చదరంలో నమూనా వేసి, ఆ గది దీపాల కిందే ఒక రోజంతా చూసి, ఆమె చీరలు పట్టుకుని సరే అన్నాకే మిగతాది ముట్టుకున్నాను. చిన్న చిన్న రంగు గళ్లుండే షేడ్ కార్డు నమ్ముకుని సెల్లార్‌కు రంగు చెప్పడం మానేసింది అప్పుడే. మీరూ మానేయండి.

ఆ తర్వాత ఈ చీర కథ నేను చెప్పని చోటు లేదు. పెయింట్ షాపు వాళ్లు పెట్టే మీటింగుల్లో చెప్పాను, పెళ్లి భోజనాల్లో చెప్పాను. చెప్పి చెప్పి పెద్దమనిషినయ్యాను. కథ బాగా చెప్పడం వచ్చినవాడు దాన్ని తెలుసుకున్నట్టే అనుకుంటాడు. నేనూ అదే అనుకున్నాను.

వెంకన్న గంధం

పేరు రావాలంటే మనకంటూ ఒక రంగు ఉండాలి. నాది గంధం. డబ్బాలో దొరికే గంధం కాదు. ఆఫ్ వైట్‌లో పసుపు, అందులో చిటికెడు ఎరుపు కలిపి నేనే తయారుచేసేవాణ్ణి. పాళ్లు ఎవరికీ చెప్పలేదు. సెల్లార్‌లో వేసి, కొంచెం పసుపు వెలుగునిచ్చే బల్బులు పెడితే, పొద్దున్నే ఎండ వాకిట్లోకి వచ్చినట్టు ఉండేది. ట్యూషన్ సెంటర్లకు వేశాను, మెస్సులకు వేశాను. ‘వెంకన్న గంధం వేయించినం’ అని జనం చెప్పుకునేవాళ్లు. వింటుంటే సంతోషంగా ఉండేది. అబద్ధమెందుకు, ఇప్పుడూ ఆ మాట అంటే సంతోషమే.

సూర్యాపేటలో ఒక పిల్లల డాక్టరు నన్ను పిలిపించింది కూడా ఆ పేరు వినే. గ్రౌండ్ ఫ్లోర్‌లో మందుల షాపూ ల్యాబూ ఉండటంతో, పసిపిల్లల వార్డు సెల్లార్‌లో పెట్టుకున్నాడు. ఆరు మంచాలు, పక్కన ఉయ్యాల తొట్లు, ఒక మూల చేతులు కడుక్కునే సింకు. బండ్ల కోసం కట్టిన ర్యాంపు మీదుగా బాలింతలు నడిచి దిగాలి. ‘దిగంగనే భయపడుతున్నరు వెంకన్నా, భూమిలకు దిగినట్టు ఉందంటున్నరు. పగటి లెక్క కనిపించాలె. రంగు మీ ఇష్టం’ అన్నాడు.

మీ ఇష్టం అన్నవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. గొణిగేవాళ్లు, నస పెట్టేవాళ్లు మనల్ని కాపాడతారు. మీ ఇష్టం అన్న మనిషి మన గర్వానికి తాళం చెవి ఇచ్చేసి వెళ్లిపోతాడు. ఆ గదిలో ఏం పని జరుగుతుందని నేను అడగలేదు. పిల్లలు పడుకుంటారు, తల్లులు పాలిస్తారు, అంతే కదా అనుకున్నాను. గంధం వేశాను. తల్లులకు నచ్చింది. డాక్టరు నా భుజం తట్టాడు.

వారం తర్వాత పనిమీద వెళితే వార్డులో ఉండే సుజాత సిస్టర్ ఎదురైంది. ‘అన్నా, నీ రంగు పాడుగాను, పిల్లలందరు ఒక్క తీరుగ మెరుస్తున్నరే’ అంది. నేను దాన్ని పొగడ్త అనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడకు కూడా చెప్పాను. సిస్టర్ పొగడలేదని, తనకు ఇబ్బందిగా ఉన్న సంగతి నవ్వుతూ చెప్పిందని ఇప్పుడు తెలుస్తోంది. నర్సులు, క్లర్కులు, ఊడ్చేవాళ్లు మనకు తప్పు చెప్పాల్సి వస్తే ఇట్లాగే నవ్వుతూ చెబుతారు. డాక్టరు మాట వింటాం గానీ వాళ్ల మాట వినం.

మోతె నుంచి వచ్చిన లింగమ్మ

సింకు వెనక గోడకు చెమ్మ మచ్చ వచ్చిందంటే చూడటానికి వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. డాక్టరు భోజనానికి ఇంటికి వెళ్లాడు. వార్డులో రెండు మంచాలే నిండి ఉన్నాయి. సింకు పక్క మంచం మీద రేణుక అనే అమ్మాయి, మూడో రోజు బాలింత. పక్కన ఆమె తల్లి లింగమ్మ. మోతె దగ్గరి గొర్రెలకాపరుల కుటుంబం. నేను స్టూలు వేసుకుని బ్లేడుతో మచ్చ గీకుతున్నాను.

లింగమ్మ తొట్టిలోకి వంగి వంగి చూస్తోంది. కాసేపటికి సిస్టర్‌ను పిలిచింది.

‘అమ్మా, పిల్ల పచ్చగున్నది. పొద్దుగాల్ల సంది పాలు గుంజుతలేదు, లేపితే లేస్తలేదు. పసిరికలేమో సూడు.’

కామెర్లను మా దగ్గర పసిరికలు అంటారు. సిస్టర్ వచ్చి చూసింది. పిల్ల పాదం పట్టుకుని చూసింది, మొహం చూసింది, ఎటూ తేల్చుకోలేకపోయింది. ‘ఈ రూమ్‌ల అందరు గట్లనే కనిపిస్తరమ్మా. సార్ సాయంత్రం వచ్చినంక చూస్తడు’ అంది. అనుమానంగానే అంది. ఆ క్షణంలో ఆమె అనుమానానికి ఒక్క మాట తోడైతే చాలు, అటో ఇటో తేలిపోయేది.

ఆ మాట నేను అన్నాను. స్టూలు మీదనుంచి దిగి వాళ్ల దగ్గరికి వెళ్లాను. ‘అమ్మా, భయపడకు. అది నా గోడ రంగు, పిల్లది కాదు. ఇగో నా చెయ్యి చూడు’ అని అరచేయి తొట్టి మీద పెట్టాను. నా అరచేయి కూడా పసుపుగానే ఉంది. ‘నీ చెయ్యి కూడా పెట్టు’ అన్నాను. పెట్టింది. అదీ అంతే. ఆ పక్క మంచం మీది తల్లి చేయీ అంతే. సిస్టర్ ఊపిరి పీల్చుకుంది. నేను చీరల షాపు కథ అందుకున్నాను. మెరూన్ ఇటుక రంగైన సంగతి, పదకొండు చీరలు తిరిగొచ్చిన సంగతి, అంతా చెప్పాను. రేణుక నవ్వింది కూడా. ఎన్నేళ్లుగానో చెబుతున్న కథ, ఎక్కడ ఆపితే నవ్వుతారో నాకు తెలుసు.

లింగమ్మ నవ్వలేదు. కథ అయ్యేదాకా ఓపిగ్గా విన్నది. తర్వాత పిల్ల కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి చూసింది.

‘గొర్రెపిల్ల నలతగుంటె రెప్ప తిప్పి సూస్తం మేస్త్రీ. కానీ కొట్టంల సూడం, బయటికి గుంజకొచ్చి సూస్తం. నీ గోడ రంగు గోడకే ఉండనియ్యి. నేను పైకి పోయి సూస్త’ అంది. పాత చీర గుడ్డలో పిల్లను చుట్టింది.

‘అమ్మా, పసిపిల్లను బయటికి తీసుకపోవద్దు, దుమ్ము, గాలి. సార్ నన్ను తిడ్తడు. వెంకన్నన్నా, జర ఆపు’ అంది సిస్టర్.

నేను వెళ్లి ఆపాను. దీన్ని దాచుకోను. ర్యాంపు మొదట్లో ఆమెకు అడ్డంగా నిలబడి, ‘చదువుకున్నవాళ్లు చెప్తుంటే వినవేందమ్మా’ అన్నాను. నేను చదివింది ఇంటర్, అదీ ఫెయిల్. ఆమె నా మొహం వైపు చూడలేదు. ‘జరుగు’ అంది. ఆ ఒక్క మాటకు ఎందుకు జరిగానో నాకు తెలియదు. భయమేసిందేమో. ఆమె పైకి నడిచింది, నేను బ్లేడు చేతిలో పట్టుకుని వెనకాలే వెళ్లాను.

పైన మందుల షాపు ముందు ఎండ పడుతోంది. ఆమె నీడ అంచున నిలబడి గుడ్డ తొలగించింది. ‘మల్ల పెట్టు నీ చెయ్యి’ అంది. పెట్టాను. నా అరచేయి మామూలు రంగుకు వచ్చేసింది. గీతల్లో ఇరుక్కున్న పెయింటు మరకతో సహా ఎప్పటిలాగే ఉంది. పిల్ల మాత్రం మామూలు రంగుకు రాలేదు. మొహం, మెడ, పొట్ట, కింద పాదాలదాకా పసుపు. రెప్ప లాగితే కంటి తెల్లగుడ్డు కూడా పసుపే.

 వెనకాలే వచ్చిన సిస్టర్ చూసి, డాక్టరుకు ఫోన్ చేసింది.

డాక్టరు పది నిమిషాల్లో వచ్చాడు. రక్తం తీశారు. ల్యాబు చీటీ రాగానే పిల్లను పై ఫ్లోర్‌లో కామెర్లు తగ్గించే నీలం దీపాల కింద పెట్టారు. లింగమ్మ తలుపు బయట కింద కూర్చుంది. నేను వెళ్లిపోవచ్చు, నన్ను ఎవరూ ఉండమనలేదు. వెళ్లలేకపోయాను. డాక్టరు బయటికొచ్చినప్పుడు లేచి నిలబడి, ‘సార్, ఆ పిల్లకు ఏం కాదని చెప్పింది నేనే’ అన్నాను.

 ‘ఇది ఎక్కువైతే మెదడుకు పోతది వెంకన్నా. చెవులు పోతయ్. ఒక్కోసారి పానమే పోతది. సాయంత్రం దాకా ఆగకపోవుడు మంచిదైంది. ఇప్పుడే ఏం చెప్పలేను, రెండు రోజులు చూడాలె’ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ‘మీ ఇష్టం అన్నది నేనే కద. నేను కూడ ఆ రూమ్‌లనే కదా రోజు పిల్లల్ని చూస్తున్న’ అన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ రెండు రోజులు నేను ఏ పనికీ వెళ్లలేదు. మా ఆవిడ ఒంట్లో బాలేదా అని అడిగింది. చెప్పలేదు. మూడో రోజు పొద్దున దీపాలు తీసేశారు, పిల్ల పాలు తాగుతోందని సిస్టర్ ఫోన్ చేసింది. చెవుల సంగతి మాత్రం తర్వాత పరీక్ష చేస్తే గానీ తెలియదట.

నర్సు చేయి

ఆ గది మళ్లీ నేనే వేశాను. పిల్లలను పై ఫ్లోర్‌కు మార్చి సెల్లార్ ఖాళీ చేసి ఇచ్చారు. ఈసారి రంగు నేను చెప్పలేదు. ఐదు లేత రంగులు గోడ మీద రెండడుగుల మేర వేసి, సుజాత సిస్టర్‌ను పిలిచాను. ఒక్కో నమూనా ముందు తన చేయి పెట్టి చూసుకోమన్నాను. పైకి వెళ్లి ఎండలో చూసుకుని మళ్లీ దిగి రమ్మన్నాను. పాపం, ఆరుసార్లు ఎక్కి దిగింది. చివరికి పసుపుకూ, ఆకుపచ్చకూ, నీలానికీ దేనికీ మొగ్గని ఒక చప్పిడి రంగు తేలింది. బల్బులు కూడా పగటి వెలుగుకు దగ్గరగా ఉండేవి పెట్టించాం. చూడటానికి ఏమంత అందంగా ఉండదు. ఎవరూ ఫోటో తీసుకోరు. పెయింటర్‌గా నాకు పేరు తెచ్చే గది కాదు అది. నా పనుల్లో చూపించదగినది ఏదని ఎవరైనా అడిగితే ఇప్పుడు దాన్నే చూపిస్తాను.

గంధం మానేశాను అనుకోకండి. మెస్సులకు వేశాను, ట్యూషన్లకు వేశాను. గంధం తప్పు చేయలేదు. గదిలో ఎవరు దేన్ని చూసి ఏం తేల్చుకోవాలి అని అడగకపోవడం తప్పు. చీరలు అమ్మేచోట చీర రంగు కనబడాలి. మెస్సులో కూర రుచిగా కనిపిస్తే చాలు. ల్యాబులో సీసాలోది ఏ రంగో తెలియాలి. పిల్లల దగ్గర పిల్లల ఒంటి రంగు తెలియాలి. ఇది అడగడానికి ఒక్క నిమిషం పడుతుంది. సొంతదారును కాదు, అందులో పొద్దస్తమానం ఉండే మనిషిని అడగండి. నేను ఈ ముక్క చీరల షాపులో నేర్చుకుని, చీరలకే అట్టిపెట్టుకున్నాను. మనిషి చర్మం కూడా ఒక రంగే అని తట్టలేదు.

నెలన్నర టీకా

రంగు ఆరి, వాసన పోయి, వార్డు మళ్లీ మొదలయ్యాక, సింకు వెనక మచ్చ తిరిగి వచ్చిందేమో చూడటానికి వెళ్లాను. మచ్చ రాలేదు. చెంప ఆనించి కూడా చూశాను. వెనక్కి తిరిగేసరికి లింగమ్మ, రేణుక ర్యాంపు దిగుతున్నారు. నెలన్నర టీకాకు పిల్లను తెచ్చారు.

ఎదురుపడక తప్పలేదు. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న మాట అనేశాను. ‘అమ్మా, ఆ రోజు నేను నీకు అడ్డం నిలబడ్డా. తప్పు చేసిన.’

‘అవునయ్యా, నిలబడ్డవ్’ అంది. ఫర్వాలేదని అనలేదు. నాకు అదే మర్యాదగా అనిపించింది. గోడలన్నీ ఒకసారి చూసింది. ‘మార్చినవా? పెండ్లి అయిపోయినంక పందిరి తీరుగ ఉన్నది’ అంది. రేణుక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత లింగమ్మ పిల్లను నా చేతుల్లో పెట్టింది. ‘ఇగ ఇప్పుడు సూడు. ఏం రంగున్నదో నువ్వే చెప్పు.’

ఆ గది దీపాలు నేనే దగ్గరుండి పెట్టించాను, గోడలు నేనే వేశాను. అయినా అక్కడ నిలబడి చెప్పే ధైర్యం చాలలేదు. పిల్లను పట్టుకుని ర్యాంపు ఎక్కాను. తల్లీ కూతుళ్లు వెనకాలే వచ్చారు. మందుల షాపు ముందు నీడ అంచున నిలబడి గుడ్డ తొలగించి చూశాను. నున్నగా, అమ్మమ్మ లాంటి చామనచాయ. కళ్లు తెల్లగా ఉన్నాయి. ‘నీ రంగే వచ్చిందమ్మా’ అన్నాను.

అప్పుడే రోడ్డు మీద లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. పిల్ల రెండు చేతులూ పైకి లేపి ఉలిక్కిపడింది. మొహం ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, గుక్కపట్టి ఏడ్చింది.

‘పిల్ల ఏడుస్తుంటె నవ్వుతవేంది, నీకేమన్న నెత్తి ఖరాబైందా’ అని లింగమ్మ పిల్లను నా చేతుల్లోంచి గుంజుకుంది. నాకు నవ్వు ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగలేదు. పిల్లకు వినబడింది.